మీటరు అద్దం తుడిచిన మాస్టారు

మాస్టారు పోయారని ఫోను వచ్చేసరికి నా చేతుల్లో మనవరాలుంది. అది పుట్టి అప్పటికి ఒక పూట అయింది. అరకు ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, పాత చీర మడతల్లోంచి కనబడుతున్న దాని ముక్కును చూసుకుంటూ, నా అంత గొప్పవాడు ఈ కొండల్లో ఇంకొకడు లేడని మురిసిపోతున్నాను. పెళ్ళయిన పదకొండేళ్ళకు నా కూతురు కన్న బిడ్డ. వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ పిలిచి చూపిస్తున్నాను. మందులిచ్చే అమ్మాయికైతే రెండుసార్లు చూపించాను. అప్పుడు జేబులో ఫోను మోగింది. మాస్టారి ఇంటి ఎదురుగా టీకొట్టు పెట్టుకున్నతను. తెల్లారగట్ల నిద్రలోనే పోయారనీ, మధ్యాహ్నం తీసుకెళ్తారనీ రెండు ముక్కల్లో చెప్పి పెట్టేశాడు.

మాస్టారి ఇల్లు ఆసుపత్రికి రెండు కిలోమీటర్లు. నా కారు ఆసుపత్రి గోడ పక్కనే ఉంది. తాళం జేబులో ఉంది. అయినా కదల్లేకపోయాను. మా ఆవిడ గది గుమ్మంలో నిలబడి ఫోను మాటలన్నీ వింది.

"పురుట్లో ఉన్నాం. సావు గుమ్మం తొక్కకూడదు," అంది.

కోపంగా అనలేదు. ఆ మాట అంటున్నప్పుడు దాని కళ్ళ నిండా నీళ్ళే. మా వైపు బిడ్డ పుట్టిన ఇంటివాళ్ళు పదకొండు రోజులు పరాయి గడప ఎక్కరు. చావు ఇంటి వైపైతే అసలు చూడరు. అన్నేళ్ళు ఎదురుచూసి దక్కించుకున్న పిల్ల. దానికేమైనా అయితే అన్న భయం ముందు ఎవరు మాత్రం వాదించగలరు? నేను పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూనే దాని మొహం చూసి నవ్వాను. అంత సంతోషంలో ఉన్న మనిషి అంత గట్టిగా ఇరుక్కుపోతాడని నాకు అప్పటిదాకా తెలీదు.

ఎవరా మాస్టారు అని మీరడుగుతారు. అరకు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. నాకు లెక్కలు చెప్పలేదు, నేను ఏడో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి. రిటైరయ్యాక ఆయన ఇన్సూరెన్సు ఏజెంటుగా చేరారు. నాకు కారు ఇన్సూరెన్సు చేసిన మాస్టారన్నమాట. కారు ఇన్సూరెన్సు చేసినాయన గురించి కన్నీళ్ళు పెట్టుకుని రాసేదేముందని నవ్వుకుంటారేమో. నవ్వుకోండి. కాస్త ఆగి చివరిదాకా చదవండి. తప్పులుంటే దిద్దుకోండి. దిద్దే మనిషి వెళ్ళిపోయారు.

డుంబ్రిగుడకు పైన నాలుగు కిలోమీటర్లు మా ఊరు. ముప్ఫయ్యేళ్ళు సంత జీపు నడిపాను. లోపల ఇరవై మంది, పైన పసుపు బస్తాలూ పనసకాయలూ, వెనక నిచ్చెన మీద మరో నలుగురు. మోకాళ్ళు అరిగాక మానేసి, ఇంటి వెనక కాఫీ మొక్కలూ మిరియం పాదులూ చూసుకుంటున్నాను. మాకు ఒక్కతే కూతురు. ముంచింగిపుట్టులో నర్సు. ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం తెల్ల కారొకటి వచ్చి మా వాకిట్లో ఆగింది. అందులోంచి నా కూతురు దిగింది.

"బతుకంతా ఎవడి బండో నడిపావు. ఇది నీ బండి నానా," అని తాళం నా చేతిలో పెట్టింది.

సెకండ్ హ్యాండుదే. అయితేనేం? కాగితాల మీద నా పేరుంది. ఆ రోజు నేను ఊళ్ళో ప్రతి గడపకీ వెళ్ళి బెల్లం ముక్క పెట్టి వచ్చాను. కుక్కలకు కూడా పెట్టాను.

ఆ మురిపెం ఒక ఏడాది నిలిచింది. ఆ తర్వాత చూసుకుంటే, ఆ కారు వెళ్ళవలసిన చోటంటూ లేదు. వారానికోసారి సంత. ఎప్పుడైనా అరకు. పెట్రోలు పోసి నడపడం కన్నా జీపులో పోవడమే నయం. కారు రేకుల షెడ్డులో నిలబడిపోయింది. బానెట్టు మీద కోడి పొదిగింది. ఏడాది తిరిగేసరికి ఇన్సూరెన్సు కట్టమని ఫోను. అంతకు ముందు పట్నం నుంచి ఎవరో ఫోనులోనే చేసిన పాలసీ అది. రోజూ విశాఖపట్నం వెళ్ళొచ్చే కారుకు ఏమేమి పెడతారో, కోడి పొదిగే కారుకూ అవన్నీ పెట్టాడు. ప్రీమియం చూసి నాకు చెమటలు పట్టాయి.

అమ్మేద్దామంటే కూతురిచ్చిన బండి. దాని మొహం ఎలా చూస్తాను? ఉంచుదామంటే కాఫీ గింజలు అమ్మిన డబ్బులో మంచి ముక్క దీనికే పోతుంది. ఎక్కువ తిప్పుదామంటే పెట్రోలు. షెడ్డులోకి వెళ్ళి సీటులో కూర్చుని, స్టీరింగు పట్టుకుని, ఎదురుగా రేకు గోడను చూస్తూ ఉండేవాణ్ణి. బండి లోపల నేను, షెడ్డు లోపల బండి. రోడ్డెక్కని బండికి కాగితమెందుకు, మానెయ్యమని మా ఆవిడంది. మానేద్దామనే అనుకున్నాను.

ఆ వారమే డుంబ్రిగుడ సంతలో మాస్టారు కనబడ్డారు. కిరాణా కొట్టు అరుగు మీద గొడుగు ఆనించుకుని కూర్చునేవారు. కాగితాలన్నీ రొట్టె ప్యాకెట్టు కవర్లో. చుట్టూ మోటారు సైకిళ్ళవాళ్ళు, ట్రాక్టర్లవాళ్ళు. నా గోడు విని ఒకటే అడిగారు.

"ఏడాదికి ఎంత తిరుగుతాది నీ బండి?"

"తెలీదు మాస్టారూ."

"బండి నీదేనా?"

అరుగు మీదున్న వాళ్ళంతా నవ్వారు. నాకు సిగ్గేసింది. ముప్ఫయ్యేళ్ళు నడిపిన నా జీపు మీటరు నేను ఎక్కిన రోజుకే చచ్చిపోయి ఉంది. మీటరు చూసే అలవాటు నాకెక్కడిది?

మర్నాడు పొద్దున్నే తన పాత స్కూటరు మీద మా ఊరి ఎత్తు ఎక్కి వచ్చేశారు. నా సంగతి అడక్కుండా షెడ్డులోకి నడిచి, బానెట్టు మీది కోడిని "నువ్వు కాస్త లెగమ్మా" అని మర్యాదగా లేపి, కారెక్కి తాళం తిప్పమన్నారు. మీటరు మీద దుమ్ము. జేబులోంచి చేతిరుమాలు తీసి ఆ అద్దాన్ని, బడిలో పలక తుడిచినట్టు, మూలమూలలా తుడిచారు. ఫోనుతో ఫొటో తీశారు. తర్వాత ఆ అంకెను పైకి చదివారు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ మా చేత తిరిగి చెప్పించారు. అంకె చెప్తున్నప్పుడు మా ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నవ్వితే మర్సిపోతావమ్మా," అని మళ్ళీ చెప్పించారు.

ఇంటి దగ్గర కూడా ఆయనది ఇదే వరస. ఒక సాయంత్రం ఏదో కాగితం కోసం వాళ్ళింటికి వెళ్ళి కళ్ళారా చూశాను. స్కూటరు స్టాండు వేసి, హెల్మెట్టు తీసి హ్యాండిలుకు తగిలించి, మీటరు తుడిచి అంకె చదివారు. లోపల పొయ్యి దగ్గర్నుంచి ఆయన భార్య, మాస్టారమ్మ గొంతు ఆ అంకెను తిరిగి చెప్పింది. ఇదేటి మాస్టారూ అని అడిగితే, ఆయన బదులు మాస్టారమ్మే చెప్పింది. వచ్చానే అని ఒక్కరోజు కూడా పిలవరట. ఆ అంకె వినబడితే మనిషి ఇల్లు చేరినట్టేనట.

మొదటిరోజు సంగతికి వస్తాను. మాస్టారి జేబులో రిటైరయ్యాక కూడా సుద్దముక్క ఉండేది. మా షెడ్డు రేకు తలుపు మీద గీత గీసి, ఒక పక్క ఉండేవీ, ఇంకో పక్క పోయేవీ రాయడం మొదలుపెట్టారు. థర్డ్ పార్టీ అని రాసి దాని చుట్టూ సున్నా చుట్టారు. మన బండి వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే వాళ్ళ కోసం ఉండేది అదనీ, బండి నడిచినా నడవకపోయినా చట్టం అడుగుతుందనీ, దాన్ని తీసే అధికారం తనకూ లేదు నాకూ లేదనీ అన్నారు. మన బండికి తగిలే దెబ్బలది రెండోది. కారు కదలదు కదా, అది తీసేద్దామన్నాను. మాస్టారు గొడుగు పైకెత్తి, షెడ్డు మీదకి వాలిన సిల్వర్ ఓక్ కొమ్మను చూపించారు. "కారు కదలదు. అది కదులుతాది," అన్నారు. రెండోది ఉండిపోయింది. కొమ్మ మర్నాడే కొట్టించాను.

ఇక కొట్టేసినవి. దారిలో ఆగిపోతే లాక్కెళ్ళేదీ, తాళం పోతే ఇచ్చేదీ, ఇంజనులోకి నీళ్ళు పోతే ఇచ్చేదీ, రోజూ తిరిగేవాళ్ళకు పనికొచ్చేవన్నీ ఒక్కొక్కటే కొట్టేస్తుంటే, రేకు మీద సుద్ద కిర్రుమన్నప్పుడల్లా నా గుండె మీంచి ఒక బరువు దిగినట్టుండేది. పట్నం మనిషి బండి విలువ ఎక్కువ వేశాడని, సరైన విలువ వేశారు. ఇంకా తగ్గించి రాయండి మాస్టారూ, ప్రీమియం ఇంకా తగ్గుతుంది కదా అంటే ఒప్పుకోలేదు. బండి పూర్తిగా పోయిన రోజున ఆ తగ్గించిన విలువే చేతికొస్తుందనీ, ఆ రోజు నా ఏడుపు చూడ్డానికి తను రాననీ అన్నారు. చిన్న దెబ్బలకు మొదటి కొంత నేనే పెట్టుకుంటానని ఒప్పుకుంటే మరికొంత తగ్గింది. అన్నిటికంటే పెద్ద తగ్గింపు ఆఖర్న వచ్చింది. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే తిరుగుతానని ముందే చెప్పుకునే పద్ధతి ఒకటి వచ్చిందట. అన్నిటికంటే చిన్నది రెండున్నర వేల కిలోమీటర్లది. నాకు అదే ఎక్కువ.

ఆ ఏడు ప్రీమియం దాదాపు సగానికి దిగింది. నేను మాస్టారి చేతులు పట్టుకుని వదల్లేదు. మా ఆవిడ పెట్టిన బెల్లం కాఫీ తాగుతూ ఆయన ఒక మాట అన్నారు. తర్వాత ప్రతి ఏడూ అదే మాట అనేవారు.

"బండి కదలకపోయినా కాగితం కదలాలి."

గడువు దాటి మూడు నెలలు ఊరుకుంటే, క్లెయిమ్ చెయ్యనందుకు ఏటేటా పెరిగే బోనసు మొత్తం పోతుందట. అందుకని గడువుకు నెల ముందొక ఫోను, పదిహేను రోజుల ముందొక ఫోను, వారం ముందు మనిషే స్వయంగా. ఎండైనా పొగమంచైనా ఆ స్కూటరు చప్పుడు మా ఎత్తు మీద వినబడేది.

ఇంత మంచి జరిగితే నేనేం చెయ్యాలి? హాయిగా ఉండాలి. ఉండలేదు. రెండున్నర వేలు అన్న అంకె నా తలలో కూర్చుంది. అంతకు ముందు షెడ్డులో ఇరుక్కున్నవాణ్ణి, ఇప్పుడు అంకెలో ఇరుక్కున్నాను. మా ఆవిడ తన అక్కగారి ఊరు పండక్కి వెళ్దామంటే పోనూ రానూ ఎన్ని కిలోమీటర్లో లెక్కేసి వద్దన్నాను. ఎవరికో ఒంట్లో బాగోలేదని అడిగితే, అరకు దాకా తీసుకెళ్ళి, మీటరు చూసుకుంటూ, వాళ్ళతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా తిరిగొచ్చాను. ఇది చెప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది. "ఈయన కారు నడపట్లేదు, కారే ఈయన్ని నడుపుతుంది," అని మా ఆవిడ ఊళ్ళో చెప్పుకు తిరిగింది.

అప్పుడే నాకు ఒక తెలివి పుట్టింది. మా పాత జీపు డ్రైవర్లు దిగుడులో ఇంజను ఆపేసి న్యూట్రల్లో దించేవాళ్ళు, డీజిలు మిగల్చడానికి. ఇంజను ఆగితే మీటరు కూడా ఆగుతుందని నేను అనుకున్నాను. మా ఊరి నుంచి డుంబ్రిగుడ దాకా నాలుగు కిలోమీటర్లూ దిగుడే. తాళం మాత్రం తిప్పి ఉంచాలి, లేకపోతే స్టీరింగు బిగుసుకుంటుంది. అలా వారం వారం సంతకు ఇంజను లేకుండా జారుకుంటూ దిగాను. ఆగిందన్న నమ్మకంతో అప్పుడు మీటరు వైపు చూడనైనా లేదు. కంపెనీని బోల్తా కొట్టించానని లోపల్లోపల ఎంత పొంగిపోయానో. ఎవరికీ చెప్పలేదు.

ఒక సంత రోజున రెండో వంపులో మేకల మంద అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. ఒకటి రెండుసార్లు పట్టింది. మూడోసారి కాలికింద రాయిలా అయిపోయింది. కొత్త బండ్ల బ్రేకుకు ఇంజను సాయం ఉండాలని నా జీపు నాకు నేర్పలేదు. స్టీరింగు కొండంత బరువు. ఎలా తిప్పానో తెలీదు, పక్కనున్న ఎర్రమట్టి గట్టుకు కొట్టి ఆగింది. మేకలు బతికాయి. బంపరు విరిగింది. పక్క సీటులో ఉన్న మా ఆవిడ మోకాలికి దెబ్బ తగిలింది. ఒళ్ళో ఉన్న బుట్టలో టమాటాలు చితికి, దాని మొహమంతా ఎర్రగా ఉంటే రక్తమనుకుని నా ప్రాణం పోయింది. తను కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"మిగిలినాయా కిలోమీటర్లు?" అంది.

మాస్టారు కబురు విని మధ్యాహ్నానికి వచ్చారు. విరిగిన బంపరు ముందు గొంతుక్కూర్చున్నారు. క్లెయిమ్ చెయ్యమంటారనుకున్నాను. చెయ్యొద్దన్నారు. బంపరుకు అయ్యేదాని కన్నా పోయే బోనసే ఎక్కువ, డుంబ్రిగుడ మెకానిక్కు దగ్గర అతికించుకోమన్నారు. పెద్ద దెబ్బయితే మాత్రం ఒక్క పూట కూడా దాచకుండా చెప్పమన్నారు. తర్వాత ఇది ఎలా జరిగిందని అడిగారు. నేను నా తెలివి చెప్పాను. కాస్త గర్వంగానే చెప్పాను.

ఆయన లేచి, కారు తలుపు తీసి, తాళం తిప్పి, మీటరు అద్దం తుడిచి చూపించారు. నేను జారుకుంటూ దిగిన నాలుగేసి కిలోమీటర్లన్నీ అందులో ఉన్నాయి. ఒక్కటి కూడా మినహాయింపు లేదు.

"ఇంజను ఆపినా సెక్రం తిరిగింది కదయ్యా. అది సెక్రాన్ని లెక్కపెడతాది. నీ తెలివిని కాదు," అన్నారు.

ఆయన గొంతు పెంచడం ఆ ఒక్కరోజే విన్నాను. "నేను తగ్గించింది ప్రీమియం. నీ బ్రేకు కాదు." తర్వాత మా ఆవిడ మోకాలికి కట్టిన గుడ్డ వైపు చూసి మెత్తబడిపోయారు. తప్పు తనది కూడా అన్నారు. అంకె చెప్పి ఊరుకున్నాను గానీ, ఆ అంకె ఎందుకో ఈయనకు చెప్పలేదమ్మా అని మా ఆవిడకు దణ్ణం పెట్టారు. తనకంటే చిన్నదైన ఆడమనిషికి ఒక మాస్టారు అలా చేతులెత్తడం నేనెక్కడా చూడలేదు.

ఈ ఏడాది మొదట్లో మా కూతురు నెల తప్పిందని తెలిసింది. ఆ వార్త విన్న రోజు నేను షెడ్డులోకి వెళ్ళి, కారు తలుపులన్నీ వేసుకుని, ఎవరికీ వినబడకుండా పెద్దగా అరిచాను. సంతోషంతో. అయిదో నెలలో సెలవు పెట్టి మా ఇంటికొచ్చేసింది. స్కానింగులకూ పెద్ద డాక్టరుకూ విశాఖపట్నం తీసుకెళ్ళాలి. ఘాట్ దిగి ఎక్కి వచ్చేసరికి రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. ఈసారి లెక్కలు వెయ్యకుండా తిప్పాను. తొమ్మిదో నెల వచ్చింది. మీటరు చూసుకుంటే నా రెండున్నర వేలలో ఇంక నలభై మిగిలాయి.

పాలసీ గడువుకు ఇంకా రెండు నెలలుంది. కాన్పుకు మూడు వారాలు. మా ఇంటి నుంచి అరకు ఆసుపత్రికి పోనూ రానూ ముప్ఫై నాలుగు. అక్కడ కుదరక కిందకి పంపితే? వాన, పొగమంచు, ఘాట్. కిలోమీటర్లు దాటాక బండికేమైనా అయితే? దాటిన బండిని ఆపేస్తారేమో, దారిలో పట్టుకుంటారేమో అని కూడా భయపడ్డాను. కూతురి పొట్ట ఒక వైపు, ఆ నలభై ఒక వైపు. మూడు రోజులు అన్నం సహించలేదు. మా ఆవిడకు చెప్తే తిడుతుంది, కూతురికి చెప్తే బెంగ పడుతుంది. నాలుగో రోజు మాస్టారికి ఫోను చేశాను.

గొంతు నీరసంగా ఉంది. జలుబనుకున్నాను. నేను చెప్పిందంతా విని, మెల్లగా, ఆగి ఆగి చెప్పారు.

"నలభై అయిపోతే కారు ఆగిపోదయ్యా. రోడ్డు మీద ఇంకొకరికి దెబ్బ తగిలితే ఆ పూచీ అలాగే ఉంటాది. మన బండి దెబ్బకే పేచీ. ఆ పేచీ కూడా లేకుండా ఇంకో వెయ్యి కొనుక్కుందాం. దాటాక ఇవ్వరు, ముందే కొనాలి. మీటరు ఫొటో తీసి పంపు. అద్దం తుడిసి తియ్యి."

తుడిచి తీసి పంపాను. సాయంత్రానికి ఫోనులో కంపెనీ సందేశం వచ్చింది, వెయ్యి కిలోమీటర్లు కలిపామని. వెంటనే మాస్టారే ఫోను చేశారు. సందేశం అందిందా అని అడిగి, అందిందంటే ఒకటే మాట అన్నారు.

"ఇంక మీటరు సూడకు. రోడ్డు సూడు."

అదే ఆఖరుసారి ఆయన గొంతు వినడం. ఆయన అప్పటికి నెల రోజులుగా మంచం మీద ఉన్నారనీ, ఫోను మాస్టారమ్మ పట్టుకుంటే మాట్లాడారనీ నాకు తర్వాత తెలిసింది. అడిగి ఉండాల్సింది. నా గోడు చెప్పుకోవడమే తప్ప, మీరెలా ఉన్నారు మాస్టారూ అని ఒక్కసారి అడగలేదు. ఈ ఒక్కటి నన్ను వదలడం లేదు.

నొప్పులు మధ్యాహ్నం మొదలయ్యాయి. కుండపోత వాన. కింద వాగు పొంగి అంబులెన్సు అవతలే ఆగిపోయిందన్నారు. పై దారిన చుట్టు తిరిగి నేనే బయల్దేరాను. తాళం తిప్పగానే నా కళ్ళు అలవాటుగా అంకె మీదకి వెళ్ళాయి. భుజం మీది తువ్వాలు తీసి మీటరు మీద కప్పేశాను. పొగమంచులో పది అడుగుల అవతల ఏముందో తెలియడం లేదు. వెనక సీటులో నా నర్సు కూతురు తన నొప్పులు తనే లెక్కపెట్టుకుంటోంది. మా ఆవిడ బేగి పోనీ, బేగి పోనీ అని నా భుజం పొడుస్తోంది.

"అమ్మా, ఊరుకో. నానా, మెల్లగానే పోనీ. నొప్పులు నేను లెక్కెడతాను, నువ్వు రోడ్డు సూడు," అంది నా కూతురు.

మాస్టారి మాట దానికెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. దానికి అదే తోచింది. ఆ సాయంత్రమే పిల్ల పుట్టింది. మీటరు మీద తువ్వాలు అలాగే ఉంది.

ఆసుపత్రి వరండాలో ఆగాం కదా. మా ఆవిడ మాట దాటలేక, కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతుంటే, లోపల్నుంచి కూతురు పిలిచింది. మాస్టారు కలిపించిన వెయ్యి కిలోమీటర్ల సంగతి రాత్రే దానికి చెప్పి ఉన్నాను. పిల్లను తన పక్కలో పడుకోబెట్టమంది. పెట్టాను.

"ఎల్లు నానా. ఆయన కొన్న కిలోమీటర్ల మీదే నా గుంట పుట్టింది," అంది.

మా ఆవిడ సంచిలోంచి ఇంకో తువ్వాలు తీసింది. అది నా భుజం మీద వేసి షరతులు పెట్టింది. గడప ఎక్కకూడదు. ఎవర్నీ, దేన్నీ ముట్టకూడదు. రోడ్డు మీదే ఉండి దణ్ణం పెట్టుకుని వచ్చెయ్యాలి. తిరిగొచ్చి తలకు నీళ్ళు పోసుకోకుండా పిల్ల దగ్గరికి రాకూడదు.

అలాగే వెళ్ళాను. వీధి మొదట్లో కారు ఆపుకుని లోపలే కూర్చున్నాను. వాన తగ్గలేదు. అద్దాలన్నీ ఆవిరి పట్టాయి. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు, ఆయన కాగితాలు చేసిపెట్టిన ట్రాక్టర్లవాళ్ళు, కొండ మీది ఊళ్ళ నుంచి తడుస్తూ వచ్చిన ఆడవాళ్ళు, అందరూ ఆ ఇంట్లోకి వెళ్తున్నారు. నేను ఒక్కణ్ణే వెళ్ళలేనివాణ్ణి. రేకు గోడను చూస్తూ షెడ్డులో కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. ఆయన్ని తీసుకొస్తుంటే దిగి రోడ్డు అంచున నిలబడ్డాను. చేతులు జోడించాను. ఎవరో నన్ను చూసి, మోయడానికి రమ్మని సైగ చేశారు. కదల్లేదు. వాళ్ళేమనుకున్నారో.

అందరూ వెళ్ళిపోయాక చూశాను. ఇంటి ముందు చూరు కింద మాస్టారి స్కూటరు ఉంది. హ్యాండిలుకు హెల్మెట్టు వెల్లకిలా వేలాడుతోంది. చూరు నీళ్ళు చుక్క చుక్కగా అందులో పడుతున్నాయి. సగం పైగా నిండింది. నాలుగడుగులు వేస్తే వంచి పోసెయ్యొచ్చు. ముట్టకూడదు. హెల్మెట్టు నిండి అంచు మీంచి పొర్లేదాకా చూస్తూ నిలబడి, వెనక్కి వచ్చేశాను.

మాకు పురుడు తీరిన మర్నాడే అక్కడ పెద్దకర్మ. ఎవరికంటే ముందుగా పొద్దున్నే వెళ్ళాను. స్కూటరు కదిలించినవాళ్ళు లేరు. హెల్మెట్టులో నీళ్ళు అలాగే ఉన్నాయి, రెండు ఎండుటాకులు తేలుతున్నాయి. వంచి పారబోశాను. లోపలి మెత్త పిండి, ఎండ తగిలేలా సీటు మీద పెట్టాను. స్కూటరు కాగితం గడువు ఎప్పుడో మాస్టారమ్మను అడగాలనుకున్నాను. ఆయన బండి కాగితం ఆగిపోకూడదు. లోపలికెళ్ళి ఆమెను ఎలా పలకరించాలో మాత్రం తెలియలేదు. గడప దాకా వెళ్ళి, మళ్ళీ స్కూటరు దగ్గరికే వచ్చాను.

మీటరు మీద ఆయన మంచం పట్టిన నాటి నుంచీ చేరిన మురికి ఉంది. తువ్వాలు కొసతో మూలమూలలా తుడిచాను. అంకె కనబడింది. పైకి చదివాను.

"నలభై రెండు వేల ఏడు వందల ఆరు."

లోపల గిన్నెల చప్పుడు వినబడుతోంది. రెండోసారి చదివాను. చప్పుడు ఆగింది. మూడోసారీ చదివాను. కాసేపటికి పొయ్యి దగ్గర్నుంచి, చాలా మెల్లగా, మాస్టారమ్మ ఆ అంకెను తిరిగి చెప్పింది.